లిఫ్ట్ అరిస్తే ఎవరు దిగాలి?

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో ఐదంతస్తుల కాంప్లెక్స్ ఒకటి ఉంది. దాని లిఫ్ట్ లోపల "నలుగురికి మాత్రమే" అని రాసి ఉంటుంది. ఆ రాత ఎవరికీ కనిపించదు. దానికి ఎప్పుడూ ఎవరో ఒకరు ఆనుకుని నిలబడే ఉంటారు. ఏడుగురు ఎక్కుతారు, ఏడుగురి వీపులకూ లాప్‌టాప్ బ్యాగులు. లిఫ్ట్ కీచుమంటుంది. కీచుమనగానే ఆరుగురూ జువేరియా వైపు చూస్తారు.

జువేరియా అందరికన్నా ముందు ఎక్కి లోపలి మూలన నిలబడి ఉంటుంది. అయినా "నేను తర్వాత వస్తలే" అని నవ్వుకుంటూ, ఒక్కొక్కరి బ్యాగూ తప్పించుకుంటూ బయటికొస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే వరస. ఆఖరున ఎక్కినవాళ్లు దిగడం మామూలు మర్యాద. లావుగా ఉన్న మనిషి దిగడం ఆ కాంప్లెక్స్ మర్యాద.

ఒకరోజు ఆమె దిగాక కూడా లిఫ్ట్ అరుపు ఆపలేదు. లోపలున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. చివరికి ఒకాయన తల బయటికి పెట్టి, ఎంతో మర్యాదగా, "ఆపా, జర ఇంకొంచెం దూరం జరగండి" అన్నాడు.

నవ్వొచ్చే మాటే. కానీ ఆమె నిజంగానే రెండడుగులు వెనక్కి జరిగింది చూడండి, అక్కడ నవ్వు ఆగిపోతుంది.

జువేరియా ఇల్లు పంజాగుట్టలో. బీకాం చదివింది. ఆ కాంప్లెక్స్ ఐదో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లో ఆమెది ముందు టేబుల్. బల్ల మీద "కౌన్సెలర్" అని బోర్డు. అసలు పని ఫోన్లు ఎత్తడం, ఏ కోర్సు ఏ టైముకో చెప్పడం, ఇంటర్వ్యూ పోయి ఏడుస్తూ వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టడం. రెండు రాష్ట్రాల నుంచి వచ్చి చుట్టుపక్కల హాస్టళ్లలో ఇరుక్కున్న పిల్లలందరికీ ఆమె "ఆపా", అంటే అక్క. హిందువుల పిల్లలూ ఆపానే అంటారు, తునివాళ్లూ ఆపానే అంటారు, ఆదిలాబాదువాళ్లూ ఆపానే అంటారు.

పొద్దున ఏడు గంటల బ్యాచ్‌కి తాళం తీసేది ఆమే. రాత్రి ఆఖరి బ్యాచ్ పోయాక తాళం వేసేదీ ఆమే. మధ్యలో అంతా కుర్చీయే. ఆ కుర్చీకీ ఆమెకూ ఉన్నంత అన్యోన్యం చాలా సంసారాల్లో ఉండదు. ఇంట్లో పొద్దుటి ఖిచిడీ, పుల్లటి ఖట్టా ఉడికే వేళకు ఆమె బస్సులో ఉంటుంది. బ్యాచ్ మారినప్పుడల్లా చక్కెర దండిగా వేసిన చాయ్ వస్తుంది. మధ్యాహ్నం ఫోన్లు ఆగవు కాబట్టి కింద బండి మీద నుంచి ఏది తొందరగా పైకొస్తే అదే తిండి. అది ఎప్పుడూ నూనెలోంచే వస్తుంది. ఇంటికెళ్లాక రెండు పూటలదీ కలిపి తిని, తిన్న కంచం ముందే కునికిపాట్లు. ఇలా బతికే మనిషిని చూసి "నోరు కట్టుకోలేదు" అనడం మనకు ఎంత తేలికో.

ఇక తీపి సంగతి. ఎప్పుడో ఒక పిల్లవాడు ఇంటర్వ్యూలు వరసగా పోయి, ఊరికి పోదామని బ్యాగు సర్దుకుని, పోయేముందు మర్యాదకు జువేరియా నోట్లో ఒక పూతరేకు పెట్టాడు. బస్సు ఎక్కకముందే ఫోనొచ్చింది, ఉద్యోగం వచ్చిందని. సాయంత్రానికి హాస్టళ్లన్నిటికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి అమీర్‌పేటలో ఆ సందు వరకూ ఒక ఆచారం పుట్టింది. ఇంటర్వ్యూకి పోయేముందు ఆపా నోట్లో తీపి పెట్టాలి. ఉద్యోగం వస్తే మళ్లీ పెట్టాలి. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు, బందరు లడ్డూలు, పాలమూరు నుంచి ఎవరి అత్తో చేసి పంపిన గరిజలు. రెండు రాష్ట్రాల పటం ఎక్కడన్నా చెక్కు చెదరకుండా ఉందంటే అది జువేరియా కడుపులోనే.

ఇన్‌స్టిట్యూట్ యజమాని ప్రమోద్ గారు గుంటూరు వైపు మనిషి, వ్యాపారం తెలిసినవారు. ఆయన దీన్ని ఫ్లెక్సీ చేయించారు. మెట్రో దిగి వస్తుంటే కనిపించేది. ఆటో సైజులో జువేరియా నోరు, అందులోకి పోతూ టైరు సైజులో లడ్డూ, కింద "మా విద్యార్థుల విజయ రహస్యం". ఆ ఫ్లెక్సీ కట్టించిన వారమే ఆమెను క్యాబిన్‌లోకి పిలిచి, "ఏంటంటే జువేరియా గారూ, ముందు టేబుల్ అంటే ఫస్ట్ ఇంప్రెషన్ కదండీ. కొంచెం తగ్గితే బాగుంటుంది" అన్నారు. ఆమె తలూపి బయటికొచ్చేసరికి టేబుల్ మీద రెండు స్వీటు డబ్బాలు ఉన్నాయి.

కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయని పంజాగుట్టలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. రక్తపరీక్ష చూసి ఆవిడ, "షుగర్ బోర్డర్ మీద ఉందమ్మా. ఇప్పుడు పట్టించుకుంటే వెనక్కి పోతుంది. లేకపోతే బోర్డర్ దాటుతుంది. తీపి తగ్గించండి, రోజూ నడవండి. మూడు నెలలకు మళ్లీ రండి" అంది.

"ఎక్కడ నడవాలె డాక్టర్ సాబ్?"

"ఎక్కడైనా నడవచ్చు."

ఆ "ఎక్కడైనా" ఎక్కడుందో డాక్టరమ్మకు తెలియదు. ఆవిడ కారులో వస్తుంది.

జువేరియా నవ్వుతూనే ఇంటికొచ్చింది. ఇంట్లో అమ్మీ, జహీరాబీ, మంచం మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాలికి వేళ్లు లేవు. షుగరే తీసుకుపోయింది. గాజుల దుకాణంలో ఒకచోట కూర్చుని బతికిన మనిషి ఆమె కూడా. ఆ రాత్రి జువేరియా కంచం ముందు కునికిపాట్లు పడలేదు. అమ్మీ కాలికి కట్టు మారుస్తూ, తన కాలి వేళ్లను కదిలించి చూసుకుంది. అన్నీ కదిలాయి. వాటిని కాపాడుకోవాలి. ఆమెకు కావలసింది అంతే. సన్నబడి ఫ్లెక్సీ ఎక్కాలన్న కోరిక లేదు, ఫ్లెక్సీ అయితే ఎలాగూ ఎక్కేసింది.

మర్నాడు సాయంత్రం సెలవడిగి, అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు నడిచి వెళ్దామని బయలుదేరింది. ఫుట్‌పాత్ మీద బైకులు. బైకులు అయిపోతే ట్రాన్స్‌ఫార్మర్. దాని పక్కన పైపుల కోసం తవ్విన గుంత, గుంత పక్కన మిర్చిబజ్జీ బండి, బండి వెనక మెట్రో స్తంభం. ఆమె రోడ్డు మీదికి దిగింది. దిగగానే ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఆగి "పంజగుట్టా, పంజగుట్టా" అని అడగడం మొదలుపెట్టాయి. నడుస్తున్న మనిషి నడవాలనే నడుస్తోందని ఈ ఊళ్లో ఏ ఆటోవాడికీ తోచదు. ఆఖరున ఆగిన ఆటో ఆమె పెదనాన్న కొడుకు అఫ్జల్‌ది.

"ఎక్కు."

"నక్కో భాయ్. నడుస్తున్న."

"ఎందుకు, ఏమైంది? జీతం రాలేదా?"

"వచ్చింది. డాక్టర్ నడువమన్నది."

"ఇంట్ల నడువు. గిట్ల రోడ్డు మీద నా చెల్లె నడుస్తుంటే చూసినోళ్లు నన్నేమంటరు? అఫ్జల్‌కు ఆటో ఉండి సుత చెల్లెను నడిపిస్తుండు అనరా?"

వెనక బస్సు హారన్ ఆపకుండా కొడుతుంటే ఆమె ఎక్కక తప్పలేదు. దారిలో అఫ్జల్ ఆమెకు ఒక సమోసా కొనిపెట్టాడు, నడిచి అలిసిపోయి ఉంటుందని.

తీపి మానే ప్రయత్నం ఇంకా ఘోరంగా పోయింది. "డాక్టర్ వద్దన్నది బేటా" అని ఒక పిల్లవాడి లడ్డూ వెనక్కి ఇచ్చింది. వాడు ఇంటర్వ్యూలో ఫెయిలయ్యాడు. వాడు చదవలేదు, అది వేరే సంగతి. కానీ మర్నాటి నుంచి టేబుల్ చుట్టూ మొహాలు వేలాడేసుకుని జనం. "సగమన్నా తినండి ఆపా." "కాస్త నాకినా చాలు ఆపా." వాళ్లమ్మలు ఊళ్ల నుంచి ఫోన్లు చేశారు. అన్నం తినమని బతిమాలే తల్లుల్ని చూశాం. ఊరూపేరూ తెలియని మనిషికి ఫోన్ చేసి కాజా తినమని ఏడ్చే తల్లులు అమీర్‌పేటలోనే దొరుకుతారు. జువేరియా తినేసింది.

అప్పుడు ఆమెకు మెట్లు గుర్తొచ్చాయి. ఆ కాంప్లెక్స్‌కు మెట్లున్నాయని చాలామందికి తెలియదు. వాచ్‌మన్ హనుమాండ్లు దగ్గర షట్టర్ తాళం ఉంది. తీసి చూపించాడు. మొదటి మలుపులో అతని మంచం. రెండో అంతస్తు దగ్గర లేడీస్ హాస్టల్ వాళ్ల విరిగిన కుర్చీలు, ఖాళీ నీళ్ల డబ్బాలు. మూడో అంతస్తులో ఎవరివో పాత కంప్యూటర్ల డొక్కులు. నాలుగు నుంచి పైకి ప్రమోద్ గారి పాత ఫ్లెక్సీ చుట్టలు. నిప్పంటుకుంటే మనుషులు దిగాల్సిన దారి అది. దాన్ని గోడౌన్ చేసి, అందరూ నలుగురి లిఫ్ట్ ముందు క్యూ కట్టి, పైన కూర్చుని ఈ కాలం పిల్లలకు వ్యాయామం లేదని మాట్లాడుకుంటున్నారు.

హాస్టల్ వాళ్లను అడిగితే "ముందు పైవాళ్లను తీయమనండి" అన్నారు. పైవాళ్లు కిందివాళ్ల పేరు చెప్పారు. ఆమె ప్రమోద్ గారి క్యాబిన్‌కి వెళ్లింది.

"సార్, మెట్ల మీద సామాను తీయించండి. ఎక్కుతా."

"మెట్లెవరెక్కుతారండీ ఈ రోజుల్లో. లిఫ్ట్ ఉందిగా."

"లిఫ్ట్ నన్ను ఉండనిస్తలేదు సార్."

"ఆ, అందుకేగా కొంచెం తగ్గమన్నాను."

"తగ్గాలంటే మెట్లెక్కాలె సార్."

"మెట్లు ఖాళీ లేవుగా జువేరియా గారూ."

ఆయన వాదనలో ఆయనకు ఏ లోటూ కనిపించలేదు. ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది.

సుమశ్రీ అనే అమ్మాయిది రాజమండ్రి. హాస్టల్లో నెట్ సరిగ్గా రాదని ఇంటర్వ్యూ ఇన్‌స్టిట్యూట్ క్యాబిన్‌లోంచి వీడియోలో ఇవ్వాలి. ఆ రోజు ఆమె కాజాల డబ్బా పట్టుకుని కాంప్లెక్స్ దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది. పైన కంప్యూటర్లకు ఇన్వర్టర్ ఉంది, లిఫ్ట్‌కు లేదు. జువేరియా కింద చాయ్ దగ్గరే ఉంది. అమ్మాయి ఆమె దగ్గరికి పరిగెత్తింది.

"ఆపా, టైమైపోతోందండీ. ఎలా?"

"ఫికర్ చేయకు. హనుమాండ్లన్నా, షట్టర్ తియ్."

హనుమాండ్లు తాళం తీస్తూ, "లోపట నా మంచమున్నది, జర పైకెల్లి దాటుండ్రి" అన్నాడు.

దాటారు. మంచం మీద నుంచి ముందు సుమశ్రీ దూకింది. జువేరియా దూకలేదు, చక్కగా కూర్చుని, కాళ్లు అటు తిప్పి లేచింది. రెండో అంతస్తు దగ్గర నీళ్ల డబ్బాలు దొర్లి దడదడమంటూ కిందికి పోయాయి, కింద నుంచి హనుమాండ్లు ఎవరినో తిట్టాడు. మూడో అంతస్తులో కంప్యూటర్ డొక్కుల మధ్య సుమశ్రీ చున్నీ చిక్కుకుంది. అది లాగే హడావుడిలో కాజాల డబ్బా ఎక్కడో పడిపోయింది. ఆ పై మెట్ల మీద ఒక ఫ్లెక్సీ చుట్ట విడిపోయి పరుచుకుని ఉంది. అది ఆ ఫ్లెక్సీయే. జువేరియా తన నోటి మీద కాలు వేసి, లడ్డూ మీద రెండో కాలు వేసి పైకెక్కింది. ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుకీ ఆయాసానికీ మధ్య గోడ పట్టుకుని నిలబడి, మళ్లీ ఎక్కి, మొత్తానికి చేరారు. సుమశ్రీ చెమటలు తుడుచుకుంటూ, ఇంకా నవ్వుతూనే కెమెరా ముందు కూర్చుంది. భయపడడం మర్చిపోయింది.

ఉద్యోగం వచ్చింది.

ఆ వార్త చెప్పడానికి సుమశ్రీ వచ్చేసరికి టేబుల్ చుట్టూ పదిమంది ఉన్నారు. ఒకమ్మాయి అడిగింది, "ఏం తినిపించావే?"

"ఏమీ తినిపించలేదు. కాజాలు దార్లోనే పడిపోయాయి."

అందరూ జువేరియా వైపు చూశారు. లిఫ్ట్‌లో చూసే చూపు కాదు ఇది. దీనికి జవాబు కావాలి. ఆమెకు అమ్మీ కాలు గుర్తొచ్చింది. మొహం ఏ మాత్రం కదపకుండా అంది, "మెట్లెక్కినం కదా. గదే."

ఎవరూ నవ్వలేదు. ఒకతను నెమ్మదిగా ఫోన్ తీసి ఏదో టైప్ చేయడం మొదలుపెట్టాడు.

అందరూ పోయాక సుమశ్రీ టేబుల్ మీదికి వంగి, "ఆపా, నేను చదివాను కాబట్టి వచ్చిందండీ" అంది.

"నాకెరుక బిడ్డా. నీకెరుక. హాస్టల్ల చెప్పకు."

మర్నాడు ఏడు గంటల బ్యాచ్ టైముకి షట్టర్ ముందు జనం. లోపలికి దారి లేదని హనుమాండ్లు మొత్తుకున్నాడు. ఉద్యోగం కావలసిన పిల్లల ముందు విరిగిన కుర్చీలు ఎంత? చేతుల మీదుగా ఒకరికొకరు అందించుకుంటూ కుర్చీలు, డొక్కులు, డబ్బాలు కిందికి దింపేశారు. హాస్టల్ యజమానురాలు తలుపు తీసి "ఎవరి సామాను ఎవరు తీస్తున్నారు" అని అరిచింది. "మెట్ల మీద ఉన్నది ఎవరిది మేడమ్?" అని ఒకడు అడిగితే తలుపు వేసుకుంది. కంప్యూటర్ డొక్కుల వెనక కాజాల డబ్బా దొరికింది. చీమలు పట్టేశాయి. హనుమాండ్లు మంచాన్ని నలుగురు మోసుకుని సెల్లార్‌లో గాలి వచ్చేచోట వేశారు. అతను దాని మీద కూర్చుని చూసి, మెట్ల కంటే ఇదే నయమన్నాడు.

ప్రమోద్ గారు వచ్చేసరికి మెట్ల మీద జువేరియా వెనక ఒక బ్యాచ్ మొత్తం ఎక్కుతోంది. ఆయన కోప్పడబోయి, జనాన్ని చూసి ఆగారు. మధ్యాహ్నానికి తన ఫ్లెక్సీ చుట్టలు తీయించారు. వారానికి మెట్రో దారిలో కొత్త ఫ్లెక్సీ లేచింది. జువేరియా మెట్టు మీద నిలబడి ఉంది, కింద "విజయానికి మా మెట్లు". ఆ మెట్లు ఇంతకాలం ఎక్కడున్నాయో ఫ్లెక్సీలో రాయలేదు.

ఆచారం తన చేతికి వచ్చాక జువేరియా దానికి సొంత రూల్స్ చేర్చింది. మెట్లెక్కిన రోజు తీపి పెడితే ఫలితం కరిగిపోతుంది. జామకాయ నడుస్తుంది. పిల్లలు నమ్మారు. టేబుల్ నిండా జామకాయలు. తాపేశ్వరం తల్లులు జామతోటల కోసం వెతికారని వినికిడి. మూఢనమ్మకాన్ని పెంచుతోందని నాలుగో అంతస్తులో ఒక లెక్చరర్ ఆమెను తప్పుబట్టాడు. ఆమె నోట్లో లడ్డూ పెట్టినన్నాళ్లూ ఆయనకు అది మూఢనమ్మకంలా కనిపించలేదు మరి.

మొదట్లో రెండో అంతస్తుకే మోకాళ్లు మొరాయించేవి. "ఆగుదాం, ఆగితే సుత ఫలితం ఉంటది" అని అప్పటికప్పుడు ఇంకో రూల్ పెట్టేది. ఇంటర్వ్యూలకు పోయేవాళ్లు వస్తూనే ఉంటారు కాబట్టి కుర్చీకి ఆమె దొరకడం తగ్గింది. ఉదయం బ్యాచ్ తాళం వేరొకరు తీసేలా ప్రమోద్ గారిని ఒప్పించింది. అదృష్టదేవత ఖాళీ కడుపుతో మెట్లెక్కితే పిల్లలకు కీడు అని చెప్పింది. ఆయన భయపడ్డారు. ఇప్పుడు ఇంట్లో ఖిచిడీ తిని వస్తుంది.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లింది. తూకం పెద్దగా మారలేదు. ఆవిడ రక్తం రిపోర్ట్ చూసి, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"వెనక్కి పోయిందమ్మా. ఎక్కడ నడిచారు?"

"మెట్ల మీద డాక్టర్ సాబ్. ఉద్యోగాలు పంచుకుంట."

ఆ సాయంత్రం జహీరాబీ కూతురి కాళ్లు తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ లాగి చూసిందట, గాజుల బేరంలో గాజు సైజు చూసినట్టు.

మొన్న ఒకరోజు జువేరియా ఒంట్లో నలతగా ఉండి లిఫ్ట్ ఎక్కింది. అది ఆమె హక్కు. మూలన నిలబడింది. జనం ఎక్కారు, ఆఖరున ప్రమోద్ గారు ఎక్కారు. లిఫ్ట్ కీచుమంది. చూపులు అలవాటుగా మూలకు తిరిగాయి. ఆమె కదల్లేదు.

"నేను ముందెక్కిన" అంది, నిమ్మళంగా. "ఆఖరుకు ఎవరెక్కిర్రు?"

లిఫ్ట్ అరుస్తూనే ఉంది. ప్రమోద్ గారు పైకప్పు వైపు చూశారు, ఫోన్ చూశారు, తర్వాత దిగారు. దిగాక అరుపు ఆగింది.

"సార్, మెట్లు ఖాళీగ ఉన్నయి" అంది జువేరియా. తలుపులు మూసుకున్నాయి.

ఇది చదువుతున్న మీరు రేపు పొద్దున ఒక పని చేయండి. మీ అపార్ట్‌మెంట్‌లోనో, ఆఫీసులోనో మెట్ల తలుపు తీసి చూడండి. అక్కడ సామాను ఉంటుంది. అందులో మీది తీసేయండి, పక్కింటివాళ్లది తీయమని అడగండి. మీ వీధి ఫుట్‌పాత్ మీద మనిషి నడవగలడా అని ఒకసారి నడిచి చూసి, నడవలేకపోతే మీ వార్డు ఆఫీసుకు వెళ్లి అడగండి. ఒక్కరు అడిగితే కూర్చోమంటారు. పదిమంది పొండి. మీ దగ్గర పొద్దుట్నుంచి రాత్రిదాకా కూర్చుని పనిచేసేవాళ్లుంటే, వాళ్లు లేచి తిరగడానికీ, వేళకు తినడానికీ టైమివ్వండి. ఒకరు తీపి వద్దంటే రెండోసారి పెట్టకండి.

ఇక లిఫ్ట్ అరిచినప్పుడు మూలన నిలబడ్డ మనిషి వైపు చూడకండి. ఆఖరున ఎక్కింది మీరైతే, దిగండి.